బీటెక్ ఫస్ట్ సెమ్: హాస్టల్లో పెట్టె దించిన రోజు నుంచి ఆఖరి పరీక్ష దాకా ఎలా నెట్టుకురావాలి?

ఇంటర్ రెండేళ్లూ మన టైమ్ మన చేతిలో ఉండదు. తెల్లవారుజామున విజిల్ వేస్తే లేస్తాం, బెల్లు కొడితే తింటాం, రాత్రి స్టడీ అవర్ అయ్యాక పడుకుంటాం. తర్వాత ఎంసెట్ రాస్తాం (పేరు ఈఏపీసెట్ అయింది కానీ ఇళ్లల్లో ఇంకా ఎంసెటే), కౌన్సెలింగ్‌లో సీటొస్తుంది, ఇంజినీరింగ్ హాస్టల్లో పెట్టె దించుతాం. నా మొదటి రోజు క్లాసులు సాయంత్రం నాలుగున్నరకు అయిపోయాయి. ఆ తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు. అలాంటి సాయంత్రాలను నేను ఎంత గొప్పగా వాడుకున్నానంటే, ఎమ్‌వన్ (మొదటి సెమ్ మ్యాథ్స్) తప్పి సప్లీ రాయాల్సి వచ్చింది.

ఇది చేరబోయేవాళ్ల కోసం, చేరి నెల కూడా కానివాళ్ల కోసం. నాకు తెలిసినవి జేఎన్టీయూ లెక్కలు. మీది అటానమస్ కాలేజీయో, డీమ్డ్ యూనివర్సిటీయో అయితే మీ రెగ్యులేషన్ (హాజరు, మార్కుల నియమాలుండే పీడీఎఫ్) ఒకసారి తీసి చూసుకోండి. ఆ పీడీఎఫ్ ఎవరూ చదవరు, తీరా డిటైన్ లిస్టులో పేరు పడ్డాక అందరూ చదువుతారు.

మొదటి మెట్టు: గది సర్దుకోండి, సీసా మూత తీయండి

తీసుకెళ్లాల్సినవి తక్కువే. మంచి తాళాలు రెండు, బకెట్టు, మగ్గు, ఎక్స్‌టెన్షన్ బోర్డు, బట్టలారేయడానికి తాడు, క్లిప్పులు, దోమతెర. పుస్తకాలు మొదటి వారమే కొనేయకండి. చాలావరకు లైబ్రరీలో దొరుకుతాయి, సీనియర్లు సగం ధరకు ఇచ్చేస్తారు. డ్రాఫ్టర్ (డ్రాయింగ్ షీటు మీద గీతలు గీసే పరికరం) అయితే అసలు కొత్తది కొననే వద్దు, సెకండియర్‌కి వెళ్లినవాళ్ల మంచాల కింద ఎన్నో పడి ఉంటాయి.

అమ్మ పెట్టిచ్చిన ఆవకాయ సీసాను మొదటి రాత్రే బయటికి తీయండి. పెట్టెలో దాచుకుని ఒక్కరే తినేవాళ్ల సంగతి రెండో రోజుకల్లా ఫ్లోర్ అంతా తెలిసిపోతుంది. మెస్ సాంబారు ఎలాగూ మెస్ సాంబారే. దాని పక్కన ఒకరి గోంగూర, ఇంకొకరి పల్లి కారం, మరొకరి నువ్వుల పొడి చేరితే నలుగురు కొత్తవాళ్లు మాట్లాడుకోవడానికి ఇంకేమీ అక్కర్లేదు.

అదే రాత్రి రూమ్మేట్లతో రెండు సంగతులు తేల్చుకోండి. లైటు ఎన్నింటికి ఆర్పాలి, రాత్రి ఫోన్ మాట్లాడేవాళ్లు ఎక్కడికెళ్లి మాట్లాడాలి. నెలన్నర తర్వాత హాస్టళ్లలో జరిగే గొడవలన్నీ దాదాపు ఈ రెండింటి మీదే. అప్పటికి మొహమాటం పోయి కోపం మిగులుతుంది, మాట పెళుసుగా వస్తుంది.

సీనియర్లను అన్నా, అక్కా అని పిలవడం ఇక్కడి అలవాటు, అందులో తప్పేం లేదు. పేరు, ఊరు, ర్యాంకు అడిగితే చెప్పండి. రాత్రిపూట గదికి పిలిపించడం, తమ ల్యాబ్ రికార్డులు రాయించడం, బట్టల గురించో కులం గురించో కామెంట్లు చేయడం మాత్రం పరిచయం కిందికి రాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 రోజంతా పనిచేస్తుంది. నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి, అవసరం పడినప్పుడు వెతికే ఓపిక ఉండదు.

రెండో మెట్టు: హాజరు లెక్క కాగితం మీద వేయండి

సెమ్‌కి దాదాపు 16 వారాల క్లాసులు, అంటే సుమారు 90 పని దినాలు. 75 శాతం హాజరు కావాలి. కాబట్టి 22 రోజులు మానొచ్చు కదా అని అందరూ సంబరపడతారు. నేనూ పడ్డాను.

ఇప్పుడు చూడండి. ఇంటి మీద బెంగతో ప్రతి శుక్రవారం సాయంత్రం బస్సెక్కారనుకుందాం. రెండో శనివారాలు సెలవనుకున్నా మిగతా శనివారాలు 12 పోతాయి. సోమవారం పొద్దున బస్సు దిగి, స్నానం చేసి, మధ్యాహ్నం క్లాసుకెళ్తే వారానికి సగం రోజు చొప్పున మరో 8. మొత్తం 20. ఇక చేతిలో మిగిలింది 2 రోజులు. ఒక్క వైరల్ జ్వరం చాలు, లేదా దసరా ముందు రోజు క్లాసంతా కలిసి కొట్టే మాస్ బంక్ చాలు. పైగా చాలా కాలేజీలు పీరియడ్ల చొప్పున హాజరు వేస్తాయి. ల్యాబ్ అంటే వరసగా మూడు పీరియడ్లు. ల్యాబ్ ఉన్న పూట నిద్రపోతే ఆ నిద్ర ఖరీదు మూడు రెట్లు.

65కీ 75కీ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్, కండోనేషన్ ఫీజు (తగ్గిన హాజరును మన్నించడానికి కట్టేది), హెచ్‌ఓడీ (బ్రాంచి హెడ్) గది బయట నిలబడటం ఉంటాయి. 65 కంటే తగ్గితే డిటైన్. అంటే ఆ సెమ్ పరీక్షలు రాయనివ్వరు, మళ్లీ జూనియర్లతో కలిసి చదవాలి. ఫ్రెండ్ ప్రాక్సీ చెప్తాడులే అనే ధైర్యం పెట్టుకోకండి, వేలిముద్ర పెట్టే కాలేజీల్లో ఆ స్నేహానికి పనే లేదు.

అందుకే ఇంటికి వెళ్లే తేదీలు సెమ్ మొదట్లోనే రాసుకోండి. నెలకొకసారి, మిడ్స్ (సెమ్ మధ్యలో పెట్టే రెండు పరీక్షలు) అయ్యాక, పండక్కి. రైలులో వెళ్లేవాళ్లకు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సంక్రాంతికి జనవరి 12న బయల్దేరాలంటే నవంబర్ 13న పొద్దున 8కల్లా ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. అప్పుడు మర్చిపోతే జనరల్ బోగీ తలుపు దగ్గర బ్యాగు మీద కూర్చుని వెళ్లడమే.

మూడో మెట్టు: నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర

అసలు సెమ్ అంతా ఈ నాలుగు గంటల్లోనే ఉంది. మిగతా రోజును కాలేజీ నడిపిస్తుంది, ఇది మాత్రం మీది. నా పొరపాటు చెప్తాను. గదికి రాగానే పది నిమిషాలు అని పడుకుని ఫోన్ పట్టుకునేవాణ్ణి. ఏడున్నరకు మెస్ బెల్లుకి లేచేవాణ్ణి. ఆ తర్వాత రాత్రి రెండింటిదాకా నిద్ర పట్టేది కాదు. పొద్దున టిఫిన్ దొరికేది కాదు, మొదటి పీరియడ్ పోయేది. ఇంత గొలుసంతా సాయంత్రం ఆ పది నిమిషాల దగ్గర మొదలైందని నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

కాబట్టి గదికి రాగానే మంచం మీద కూర్చోకండి. బ్యాగు పడేసి, మొహం కడుక్కుని, బయటికి పొండి. షటిలో, వాలీబాలో, ఊరికే గేటు దాకా నడకో. ఆరున్నరకు వచ్చి ఒక్క గంట కూర్చోండి. గంటే. ఆ రోజు చెప్పినవి మాత్రమే చూడండి.

ఏ సబ్జెక్టుకు ఆ గంట ఇవ్వాలి అంటే, నా ఓటు ఎమ్‌వన్‌కి. మ్యాట్రిసెస్ ఇంటర్లో చదివినవే కదా అని మొదటి యూనిట్‌ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. మ్యాట్రిక్స్ ర్యాంకు కనుక్కునే లెక్కల దాకా నిజంగానే తేలిక. ఐగెన్ విలువలు, కేలీ-హామిల్టన్ దాటాక బోర్డు మీద అర్థమైనట్టే ఉంటుంది, చేతికి మాత్రం రాదు. రోజుకు రెండు లెక్కలు చూడకుండా చేస్తే చాలు. సీ ప్రోగ్రామింగ్ కూడా ఇంతే. వాట్సాప్‌లో వచ్చిన ప్రోగ్రాం కాపీ కొట్టి రన్ చేస్తే ల్యాబ్ గడుస్తుంది, వైవాలో ఆ లూప్ ఎందుకు రాశావని అడిగితే నోరు పెగలదు. సెమికోలన్ మర్చిపోయి ఎర్రర్ వచ్చి, మీరే వెతికి దిద్దుకున్న ప్రోగ్రాములే గుర్తుంటాయి.

ఇంజినీరింగ్ డ్రాయింగ్ అందరికీ కొత్త. ముందు నుంచి చూసిన బొమ్మ పైనా, పైనుంచి చూసిన బొమ్మ కిందా ఎందుకు వేయాలో మొదటి వారంలో బుర్రకెక్కదు. అగ్గిపెట్టె చేతిలో పెట్టుకుని తిప్పుతూ చూడండి, నాకు అలాగే అర్థమైంది. షీటు ఏ రోజుది ఆ రోజే పూర్తిచేయాలి. రికార్డు కూడా అంతే. అబ్జర్వేషన్ (ల్యాబ్‌లో చిత్తుగా రాసుకునే పుస్తకం) మీద సంతకం అయిన రోజే రికార్డులోకి ఎక్కిస్తే అరగంట పని. కూడబెడితే సెమ్ చివర రాత్రుళ్లు కూర్చుని పది ప్రయోగాలు రాయాలి, చేతివేళ్లకు కాయలు కాస్తాయి.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఒక మాట. మొదటి రెండు వారాలు లెక్చర్ మీద నుంచి గాలిలా పోతుంది. అర్థం కానిది సబ్జెక్టు కాదు, ఆ ఇంగ్లిష్ మాటలే. ముందు బెంచీలో కూర్చుని, తెలియని మాటను వినపడినట్టు తెలుగులోనే రాసుకుని, గదికొచ్చి చూసుకోండి. అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి కాబట్టి దసరా నాటికి చాలావరకు సర్దుకుంటుంది. క్లాసు అయ్యాక సార్ దగ్గరికెళ్లి తెలుగులో అడిగితే ఆయన తెలుగులోనే చెప్తారు. నలుగురిలో చేయెత్తలేకపోతే వరండాలో పట్టుకోండి.

నాలుగో మెట్టు: మొదటి మిడ్‌ను పండగలా కాదు, పరీక్షలా చూడండి

హైదరాబాద్ జేఎన్టీయూ 2022 నాటి ఆర్22 రెగ్యులేషన్‌లో ఒక్కో థియరీ సబ్జెక్టుకు ఇంటర్నల్స్ (మిడ్స్, అసైన్‌మెంట్లు కలిపి కాలేజీ వేసే మార్కులు) 40, సెమ్ పరీక్ష 60. పాసవ్వాలంటే ఇంటర్నల్స్‌లో 14, పరీక్షలో 21, మొత్తం 40 రావాలి. ఇంటర్నల్స్ 14 దగ్గరే ఆగితే పరీక్షలో 26 తెచ్చుకోవాలి. 30 ఉంటే 21 చాలు. పేపరు కష్టంగా వచ్చిన రోజున ఆ ఐదు మార్కులు ఎంత బరువో రాసినవాళ్లకే తెలుసు. ఆంధ్రలో 2023 నాటి ఆర్23 రెగ్యులేషన్ ప్రకారం ఇంటర్నల్స్ 30, పరీక్ష 70. అక్కడ రెండు మిడ్స్‌లో బాగా వచ్చినదానికి 80 శాతం, రెండోదానికి 20 శాతం లెక్క. అందుకే మొదటి మిడ్ పోయినా నీరుగారిపోనక్కర్లేదు, బాగా రాస్తే రెండోదానికి నిశ్చింతగా వెళ్లొచ్చు. హైదరాబాద్‌లో సగటు తీస్తారు కాబట్టి రెండూ ముఖ్యమే.

మిడ్‌కు ముందు రోజు రాత్రి జిరాక్స్ షాపు దగ్గర క్యూ కట్టేవాళ్లలో చేరకండి. ఎవరి నోట్సు కావాలో వారం ముందే తెలిసిపోతుంది. క్లాసులో ఒక అమ్మాయో అబ్బాయో ఉంటారు, గుండ్రటి అక్షరాలతో తేదీలేసి రాసేవాళ్లు.

ఐదో మెట్టు: డబ్బు

నాన్న పంపిన డబ్బు ఒకేసారి ఖర్చవదు, స్కాన్ కొట్టిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా కారిపోతుంది. రోజూ టీ, సమోసా, కూల్‌డ్రింకు కలిపి 60 రూపాయలనుకుంటే నెలకు 1,800. నెల డబ్బులో వారానికింత అని వేరే ఖాతాలోకి మార్చుకుని, ఆ ఖాతాతోనే స్కాన్ చేయండి. రమ్మీ యాప్‌ల జోలికి, ఆధార్ ఇస్తే చాలు అనే లోన్ యాప్‌ల జోలికి వెళ్లకండి. చేతిలో లేకపోతే ఇంట్లో చెప్పండి. తిడతారు, పంపిస్తారు.

ఆరో మెట్టు: మీలో వచ్చే మార్పును చూసి కంగారు పడకండి

మొదటి వారం అమ్మకు రోజూ మూడుసార్లు ఫోన్ చేస్తారు. నెల తిరిగేసరికి ఆవిడే చేసి, "తిన్నావా నాన్నా?" అని అడిగితే "ఊఁ, మళ్లీ చేస్తానమ్మా" అని పెట్టేస్తారు. ఇది అందరికీ జరుగుతుంది. రాత్రి మెస్ నుంచి గదికి నడిచే ఆ ఐదు నిమిషాలు ఇంటికి ఇచ్చేయండి, అలవాటైపోతుంది.

ఇంకొకటి ఉంది, ఎవరూ పైకి చెప్పరు. ఊళ్లో స్కూల్ ఫస్ట్ వచ్చినవాళ్లు ఇక్కడ అరవై మందిలో ఒకరు. పక్క మంచం వాడు ఇంటర్లోనే కోడింగ్ నేర్చుకుని వచ్చుంటాడు, ముందు బెంచీ అమ్మాయి ఇంగ్లిష్‌లో గలగలా మాట్లాడుతుంది. మనం దేనికీ పనికిరామేమో అనిపిస్తుంది. నాకు అనిపించింది, తర్వాత అడిగితే ఆ కోడింగ్ కుర్రాడికీ డ్రాయింగ్ హాల్లో అదే అనిపించిందట. కొత్త హెయిర్ కట్, కొత్త యాస, అకస్మాత్తుగా పుట్టిన ప్రేమ, గ్రూపు మారడాలు అన్నీ ఈ నాలుగు నెలల్లోనే జరుగుతాయి. వాటిలో సగం రెండో సెమ్ దాకా ఉండవు. కాబట్టి పచ్చబొట్టు మాత్రం కాస్త ఆగి వేయించుకోండి.

బెంగ వేరు, కుంగిపోవడం వేరు. వారాల తరబడి తిండి సహించక, నిద్ర పట్టక, క్లాసుకు లేవాలనిపించకపోతే దాన్ని బద్ధకం అనుకోవద్దు. రూమ్మేట్‌కో, ఇంట్లోనో చెప్పండి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్ 14416కు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ పక్క మంచం వాడు అలా ఉన్నా మీరే చేసి ఫోన్ చేతికివ్వొచ్చు.

మీకు 18 నిండేది కూడా సరిగ్గా ఈ రోజుల్లోనే. మైనర్ బ్యాంకు ఖాతాను మార్పించుకోవడం, ఫారం 6తో ఓటు నమోదు చేసుకోవడం దసరా సెలవుల్లో పెట్టుకోండి. ఇంటి దగ్గర కాగితాలన్నీ చేతికందుతాయి.

ఆఖరి మెట్టు: ప్రిపరేషన్ సెలవులు, పరీక్షలు, పెట్టె

సెమ్ పరీక్షలకు ముందు సెలవులిస్తే ఇంటికెళ్లి చదువుతామనుకునేవాళ్లు బ్యాగు నిండా పుస్తకాలు మోసుకెళ్లి, అంతే భద్రంగా మోసుకొస్తారు. హాస్టల్లోనే ఉండండి. పాత ప్రశ్నపత్రాలు ఐదారు ముందేసుకుని ఏ యూనిట్ నుంచి ఏం అడుగుతున్నారో చూడండి. రాత్రంతా మేలుకుని తెల్లారి పరీక్ష రాయడం ఒక్క సబ్జెక్టుకు నడుస్తుంది, రెండోదానికి కళ్లు మూతపడతాయి. హాల్‌టికెట్ జిరాక్స్ ఒకటి తీసి పెట్టుకోండి. ఫలితాల తర్వాత రీవాల్యుయేషన్‌కు గడువు కొద్ది రోజులే ఉంటుంది, ఆ నోటీసు కోసం కాలేజీ గ్రూపును మ్యూట్‌లోంచి తీయండి.

చివరి పరీక్ష అయిన సాయంత్రం గదిలో పరుపు చుట్టి పైన పెట్టండి, ఎలుకలుంటాయి. తడి బట్టలు పెట్టెలో వేయకండి. మంచం కింద వెతికి ఆ ఖాళీ పచ్చడి సీసాలు కడిగి బ్యాగులో పెట్టుకోండి. మర్చిపోయి ఇంటికెళ్తే అమ్మ గ్రేడ్లకంటే ముందు వాటి గురించే అడుగుతుంది.