పాలమూరు నుంచి పరదేశానికి: విమాన దూరం, ప్రయాణ సమయం లెక్కగట్టే పద్ధతి

మన పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో దుబాయికి పనికో, అమెరికాకు చదువుకో పోయే పిల్లలున్న ఇళ్లలో, టికెట్టు చేతికి రాగానే ఎంత దూరం, ఎప్పటికి చేరతాడు అన్న మాటే మొదట వస్తుంది. దీన్ని సరిగా తేల్చుకోవాలంటే ఆకాశంలో దూరాన్ని, విమానం ఎగిరే సమయాన్ని, గడప దాటినప్పటి నుంచి పట్టే మొత్తం సమయాన్ని వేర్వేరుగా లెక్కించాలి.

గోడకు వేలాడే పటం మీద స్కేలుతో దూరం కొలవకండి. గుండ్రని భూమిని బల్లపరుపుగా పరిచినందున అందులో దూరాలు మారిపోతాయి. 30 సెంటీమీటర్ల వ్యాసం గల గ్లోబు తెచ్చుకొని, కుట్టుదారం ఒక కొసను హైదరాబాదు మీద వేలితో నొక్కిపట్టి, రెండో కొసను షికాగో దాకా బిగువుగా లాగండి. దారం పడమటి సముద్రాల మీదుగా పోతుందనుకుంటాం గానీ, అది ఉత్తరానికి జరిగి, దాదాపు 79 డిగ్రీల అక్షాంశం దాకా ఎక్కి, ధ్రువం పక్క నుంచి అవతలికి దిగుతుంది. ఆ గ్లోబు మీద సెంటీమీటరుకు సుమారు 425 కిలోమీటర్లు కాబట్టి, 31 సెంటీమీటర్ల పైచిలుకు దారమంటే దాదాపు 13,300 కిలోమీటర్లు. దుబాయికి 6 సెంటీమీటర్లు, అంటే 2,550 కిలోమీటర్లు. గాలుల వల్ల, కొన్ని దేశాల గగనతలం మూసి ఉండటం వల్ల విమానం తిరిగే దూరం దీనికన్నా కొంత ఎక్కువే ఉంటుంది.

ఈ దూరాన్ని గంటకు 850 కిలోమీటర్ల చొప్పున భాగించి, విమానం రన్‌వే దాకా మెల్లగా పోవడానికి, పైకెక్కడానికి, దిగడానికి అరగంట నుంచి ముప్పావు గంట కలపాలి. ఆకాశంలో పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి ఎదురైతే ఆలస్యం, వెనక నుంచి తోస్తే త్వరగా చేరడం సహజం. అందుకే దుబాయికి పోయేటప్పటికన్నా తిరిగి వచ్చేటప్పుడు సాధారణంగా తక్కువ సమయం పడుతుంది. మధ్యలో విమానం మారవలసి ఉంటే ఒక్కో మజిలీని విడిగా లెక్కగట్టి, ఎదురుచూసే గంటలను కూడా కలుపుకోవాలి.

ఎక్కువ మంది పొరబడేది గడియారం దగ్గర. టికెట్టు మీద బయలుదేరే వేళ ఇక్కడిది, దిగే వేళ అక్కడిది. ఉదయం 4:15కు శంషాబాదులో ఎక్కి 6:45కు దుబాయిలో దిగుతారని రాసి ఉంటే ప్రయాణం రెండున్నర గంటలు కాదు. దుబాయి మనకు గంటన్నర వెనక ఉంటుంది గనుక నాలుగు గంటలు. షికాగో మనకు చలికాలంలో 11:30 గంటలు, వేసవిలో 10:30 గంటలు వెనక ఉంటుంది, ఎందుకంటే అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు.

ఇక తేదీ సంగతి తప్పక చెప్పాలి. మా వీధిలో ఒక తండ్రి తెల్లవారుజామున 2 గంటల విమానానికి, టికెట్టు మీద ఉన్న తేదీనాడే రాత్రి కొడుకును తీసుకొని బయలుదేరాడు. విమానం అంతకుముందు రాత్రే వెళ్లిపోయింది. ఆ ముఖం నాకింకా గుర్తుంది. కాబట్టి వెనక్కి లెక్కించండి: విమానం 15వ తేదీ ఉదయం 4:15కు అయితే, మూడు గంటల ముందు, 1:15కల్లా విమానాశ్రయంలో ఉండాలి, మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా రెండు గంటలు పెట్టుకుంటే, 14వ తేదీ రాత్రి 11 గంటలకే ఇంటి ముందు బండి నిలబడి ఉండాలి.