వరి పొలానికి నీలి ఆకుపచ్చ నాచును సొంతంగా పెంచుకోవడం ఎలా?

నత్రజని ఎరువు వేయకపోయినా, నీరు నిలిచే వరి మడి ఏటా ఎంతో కొంత పంటనిస్తూనే ఉంటుంది. ఆ సారంలో ముఖ్యమైన వాటా నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచుదేనని 1939లో శాస్త్రవేత్త పి.కె. డే తన పరిశోధనలో చూపారు. నాచు అని పిలుస్తున్నా ఇవి నిజానికి బాక్టీరియా వర్గపు జీవులు. అనబీనా, నాస్టాక్, టోలిపోత్రిక్స్, ఆలోసిరా వంటి రకాల పోగులలో అక్కడక్కడ మందపాటి గోడ గల ప్రత్యేక కణాలు ఉంటాయి; గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే ఎంజైము ప్రాణవాయువు తగిలితే చెడిపోతుంది కాబట్టి, ఆ పని ప్రాణవాయువు అంతగా చొరబడని ఈ కణాలలోనే సాగుతుంది. సారం మొక్కకు అందేది మాత్రం చాలావరకు నాచు చనిపోయి కుళ్ళిన తరువాతనే. అందుకే దీనిని పైరు తొలి దశలోనే వేయాలి.

పెంపకానికి ఎండ బాగా కాసే ఏప్రిల్, మే నెలలు అన్నిటికంటే అనువైనవి. అప్పుడు పెంచినది వానాకాలం నాట్లకు సిద్ధంగా ఉంటుంది. ముందుగా వ్యవసాయ విశ్వవిద్యాలయంలోగాని, కృషి విజ్ఞాన కేంద్రంలోగాని విచారించి మూల కల్చర్ (పెంపకానికి విత్తనంలా వాడే నాచు) తెచ్చుకోవాలి. చెరువులో తేలే పచ్చని పాచిని తెచ్చి వేస్తే ప్రయోజనం లేదు, ఎందుకంటే అందులో ఎక్కువగా ఉండే స్పైరోగైరా వంటి నాచులకు గాలిలోని నత్రజనిని పట్టే శక్తి లేదు.

నీడ పడని చోట రెండు మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు, జానెడు లోతు గల గుంట తీసి, నీరు ఇంకకుండా పాలిథిన్ పట్టా పరచాలి. అందులో 8 నుంచి 10 కిలోల మెత్తని పొలం మట్టి, 200 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేసి, 5 నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తు వరకు నీరు పోసి బాగా కలపాలి. నాచు ఆమ్ల గుణాన్ని ఓర్చుకోదు. మట్టి పులుపుదైతే కొద్దిగా సున్నం కలపడం తప్పనిసరి. మట్టి అడుగుకు చేరి నీరు తేరుకున్నాక, మూల కల్చర్‌ను గుప్పెడు తీసుకుని నీటిపై పలుచగా చల్లి, తరువాత నీటిని కదిలించకుండా వదిలేయాలి. వేడి వాతావరణంలో వారం పది రోజులకు నాచు దట్టమైన పొరగా కట్టుకుంటుంది. ఈలోగా నీరు తగ్గితే పోస్తూ ఉండాలి. నిలువ నీటిలో దోమ పిల్లలూ, నాచును మేసే చిన్న నీటి పురుగులూ చేరతాయి గనుక రోజూ గమనించి, అవసరమైతే వేప గింజల పొడి చల్లవచ్చు.

పొర దట్టమయ్యాక నీరు పోయడం ఆపి, గుంటను పూర్తిగా ఎండనివ్వాలి. నాచు పెచ్చులుగా లేస్తుంది. వాటిని ఏరి, మరోసారి ఆరబెట్టి సంచులలో భద్రపరచాలి. ఒక కోతకు సాధారణంగా ఒకటిన్నర నుంచి రెండు కిలోలు వస్తుంది. అదే గుంటలో మళ్ళీ నీరు పోస్తే అడుగున మిగిలిన నాచే తిరిగి పెరుగుతుంది. పెరుగుదల మందగించినప్పుడు కొత్త మట్టి, సూపర్ ఫాస్ఫేట్ వేస్తే సరిపోతుంది. ఎండిన పెచ్చులు రెండేళ్ళకు పైగా నిలువ ఉంటాయి, అయితే వాటిని ఎరువుల బస్తాలతోనో పురుగుమందులతోనో కలిపి ఉంచకూడదు.

నాట్లు వేసిన వారం పది రోజులకు, ఎకరాకు 4 కిలోల చొప్పున పెచ్చులను నలిపి, పొడి మట్టిలోగాని ఇసుకలోగాని కలిపి మడి అంతటా సమంగా చల్లాలి. ఆ తరువాత కనీసం పది రోజులు మడిలో నీరు నిలగట్టి ఉంచాలి. ఎక్కువ మంది నిర్లక్ష్యం చేసేది ఈ ఒక్క పనే, మడి ఆరిపోతే పెంచిన శ్రమంతా వృథా అవుతుంది. మైలుతుత్తం నాచును చంపుతుంది కాబట్టి ఆ రోజులలో దానిని మడికి దూరంగా ఉంచాలి.

అనుకూల పరిస్థితులలో నాచు హెక్టారుకు, ఒక పంట కాలంలో, 25 నుంచి 30 కిలోల నత్రజనిని సమకూరుస్తుందని అంచనా. ఎకరాకు లెక్కిస్తే అది దాదాపు 10 కిలోలు, అంటే 45 కిలోల యూరియా బస్తాలో సగం. ఆ మేరకు యూరియాను తగ్గించుకోవచ్చు, పూర్తిగా మానడానికి మాత్రం వీలు లేదు. అలాగని యూరియాను విపరీతంగా గుమ్మరించినా నష్టమే, ఎందుకంటే నీటిలో సిద్ధంగా నత్రజని దొరికినప్పుడు నాచు గాలి నుంచి పట్టడం తగ్గిస్తుంది. భాస్వరం మాత్రం నాచుకూ కావాలి కనుక సూపర్ ఫాస్ఫేట్ మోతాదులో కోత పెట్టవద్దు. మొదటి పంటలో తేడా పెద్దగా కనిపించకపోయినా, మూడు నాలుగు పంటల పాటు వరుసగా చల్లితే నాచు ఆ నేలలో స్థిరపడుతుంది.