నీడలో వాక్కాయ: మొక్క పచ్చగా ఉంది, కాయలే లేవు

గుంటూరులో మా ఇంటికి ఉత్తరం వైపు, గోడకీ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల సందు ఉంది. పైన పక్కింటి వేపచెట్టు. ఆ సందులో వాక్కాయ పెట్టి మూడేళ్లు ఎదురుచూశాను. ఆకు రాల్చని పొద, కత్తిరిస్తూ ఉంటే నడుమెత్తులోనే ఉంటుంది, ముళ్లుంటాయి కాబట్టి మేకలు కూడా రావు, అందుకే చాలామంది ఇలాంటి సందుల్లోనే పెడతారు. తర్వాత కాయ రాదు.

కొమ్మలు సన్నగా సాగి, ఆకుకీ ఆకుకీ మధ్య ఎడం పెరిగి, పూత లేకపోతే ఎండ చాలట్లేదని అర్థం. వాక్కాయ నీడలో బతుకుతుంది, కానీ కాయాలంటే రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి. ఇక్కడే నేను మోసపోయాను. మే నెలలో చూస్తే మా సందులో మధ్యాహ్నం మంచి ఎండే ఉండేది. గుంటూరైనా విజయవాడైనా, మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకి కాస్త ఉత్తరంగా ఉంటాడు, ఆ ఎండ అదే. పూత వచ్చే ఫిబ్రవరి, మార్చిలో సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి ఇంటి నీడ సరిగ్గా ఆ సందులోనే పడుతుంది. అందుకని ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఐదు దాకా గంటగంటకీ చూసి రాసుకోండి. మూడు గంటలు కూడా రాకపోతే ఎన్ని ఎరువులు వేసినా లాభం లేదు. మొక్కని పెద్ద కుండీలోకి మార్చి తూర్పుకో దక్షిణానికో జరపండి. జరపలేకపోతే పక్కింటివాళ్లని అడిగి పైకొమ్మలు కొట్టించండి, ఎదురు గోడకి సున్నం వేయించండి, వెలుతురు కొంత పెరుగుతుంది. నేను కుండీలోకి మార్చాను, రెండో ఏడాదికి పప్పులోకి సరిపడా కాయలొచ్చాయి.

ఎండ బాగానే ఉండి పూత లేదంటే, మీరు కత్తెర ఎప్పుడు వేశారో గుర్తు చేసుకోండి. పూలు కొమ్మల చివర్ల దగ్గర వస్తాయి, సంక్రాంతికి ఇల్లు శుభ్రం చేస్తూ కంచెలా కత్తిరిస్తే పూత కూడా పోతుంది. కాయలు కోసేశాక సెప్టెంబరులో కత్తిరించండి. చేతులకి నూనె రాసుకోండి, పాలు జిగురుగా అంటుకుంటాయి.

ఆకులు పసుపు రంగులోకి మారితే ముందు వేలు మట్టిలో పెట్టి చూడండి. తడిగా ఉండి కింది ఆకులు రాలుతుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. నీడలో మట్టి త్వరగా ఆరదు, అందులోనూ మన నల్లరేగడి అసలు వదలదు. వాక్కాయ ఎండకి తట్టుకుంటుంది కానీ నిలవ నీటికి తట్టుకోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నిలిచినప్పుడు మా పిన్నివాళ్ల మొక్క పోయింది, ఎంతో బాధపడింది ఆవిడ. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి అడుగు ఎత్తున దిబ్బలా చేసి దాని మీద నాటండి, పైమట్టి ఆరాకే నీళ్లు పోయండి.

అలా కాకుండా కొత్త చిగుళ్లు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం, బోరు నీళ్లు పోసే ఇళ్లలో ఎక్కువ. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం పిచికారీ చేయండి, వారం పది రోజులకి మళ్లీ ఒకసారి. వాననీళ్లు పట్టి పోస్తే ఇంకా మంచిది.

ఆకుల మీద నల్లగా మసి, కొమ్మ వెంట చీమలు కనిపిస్తే ఎక్కడో పిండినల్లి, అంటే తెల్లటి పిండిలా అంటుకునే రసం పీల్చే పురుగు, ఉంది. ఆకు తిప్పి చూడండి, గాలి ఆడని సందుల్లో ఇది త్వరగా పెరుగుతుంది. లీటరుకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేలా కొట్టండి, లోపలి కొమ్మలు కొన్ని తీసేయండి.

ఇవేవీ కాకపోతే మొక్క వయసు చూడండి. గింజ నుంచి వచ్చిందయితే మూడు నాలుగేళ్లు పడుతుంది, అంటు మొక్కయితే అంతకంటే ముందే కాస్తుంది.