వెనక బ్రేకు లైటు రీకాల్: మీ బండి అందులో ఉందో లేదో చూసుకొని, పని సక్రమంగా చేయించుకోవడం ఎలా

2023 డిసెంబరులో హోండా మోటార్‌సైకిల్ అండ్ స్కూటర్ ఇండియా సంస్థ తన హైనెస్ సీబీ350, సీబీ350ఆర్‌ఎస్ మోటార్ సైకిళ్లను రెండు భాగాల విషయమై రీకాల్ చేసింది, అంటే లోపమున్న భాగాన్ని ఉచితంగా మార్చడానికి అమ్మిన బండ్లను వెనక్కి పిలిచింది. మొదటిది, బండి పక్కకు పడిపోయినప్పుడు ఇంజన్‌ను ఆపివేసే బ్యాంక్ యాంగిల్ సెన్సార్. రెండవది, వెనక బ్రేకు తొక్కినప్పుడు ఎర్ర లైటును వెలిగించే స్టాప్ లైట్ స్విచ్. సెన్సార్ పాడైతే నడుస్తున్న ఇంజన్ ఆగిపోవచ్చు కాబట్టి ఆ సంగతి నడిపేవారికి అక్కడికక్కడే తెలుస్తుంది. స్విచ్ పాడైతే మాత్రం బండి ఎప్పటిలాగే నడుస్తుంది, బ్రేకు ఎప్పటిలాగే పడుతుంది. తేడా తెలిసేది వెనక వచ్చే బస్సు డ్రైవరుకో, ఆటో డ్రైవరుకో మాత్రమే. అందువల్ల ఈ రెండవ రీకాల్‌ను వాయిదా వేసేవారు ఎక్కువగా ఉంటారు. ఇటువంటి స్విచ్ రీకాల్ ఏ కంపెనీది వచ్చినా యజమాని స్వయంగా ఏమేమి చూసుకోవాలో, సర్వీస్ సెంటర్‌లో ఏమి అడిగి రాయించుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా లోపం ఎక్కడుందో అర్థం చేసుకోవాలి. మోటార్ సైకిల్‌కు బ్రేకు లైటు ఒక్కటే అయినా, దానిని వెలిగించే స్విచ్‌లు రెండు ఉంటాయి. కుడిచేతి లీవర్ మొదట్లో ఒక చిన్న స్విచ్, కుడికాలి పెడల్ దగ్గర మరొకటి. ఈ రెండింటిలో దేనిని నొక్కినా అదే లైటు వెలుగుతుంది. చేతి దగ్గరి స్విచ్ నేలకు ఎత్తుగా ఉంటుంది కాబట్టి కొంత సురక్షితం. కాలి దగ్గరిది చక్రాలు చిమ్మే బురదకు, వాన నీటికి, సర్వీసింగ్ షెడ్డులో పైపుతో కొట్టే నీటి ధారకు ఎదురుగా ఉంటుంది. ఆ నీరు లోపలికి పోకుండా కాపాడేది దాని మీది రబ్బరు తొడుగు. హోండా రీకాల్‌లో తేలిన లోపం సరిగ్గా ఆ రబ్బరు భాగానిదే: అచ్చు పోసే పద్ధతిలో జరిగిన పొరపాటు వల్ల అది వంగినప్పుడు సందు ఏర్పడి, దుమ్మూ నీరూ లోపలికి చేరి, విద్యుత్తును కలిపే లోహపు కొనలకు చిలుము పట్టే అవకాశం ఉందని కంపెనీ తెలిపింది. చిలుము పట్టిన స్విచ్ ఒక్కసారిగా చచ్చిపోదు. ఎండలో పనిచేసి వానలో మానేయవచ్చు, పెడల్‌ను గట్టిగా తొక్కితే వెలిగి, మెల్లగా తొక్కితే వెలగకపోవచ్చు. ‘నిన్న బాగానే ఉందే’ అన్న మాట ఈ లోపం విషయంలో ఏమీ రుజువు చేయదు.

ఇక పరీక్ష. చాలామంది బండి స్టాండు వేసి, చేతి లీవర్ నొక్కి, మెడ వెనక్కి తిప్పి చూసి, ఎరుపు కనబడగానే సరే అనుకుంటారు. అందులో రెండు పొరపాట్లున్నాయి. చేతి లీవర్‌తో వెలిగిన లైటు కాలి స్విచ్ గురించి ఏమీ చెప్పదు. పైగా బాగున్న స్విచ్ పాడైన స్విచ్‌ను కప్పిపుచ్చుతుంది. రెండవది, 2017 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో కొత్త ద్విచక్ర వాహనాలకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉండాలన్న నిబంధన అమలులో ఉంది. చాలా బండ్లలో దానితోపాటు వెనక లైటు కూడా పగలంతా వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి వెనక ఎరుపు కనిపించడం ఒక్కటే చాలదు, తొక్కినప్పుడు ఆ ఎరుపు ఒక్క ఉదుటున పెరిగిందా లేదా అన్నదే చూడాలి. బల్బు ఉన్న పాత బండ్లలో ఈ తేడా లెక్కలోనే కనబడుతుంది: ఒకే గాజు బుడ్డిలో 5 వాట్ల తీగ ఎప్పుడూ వెలుగుతుంది, 21 వాట్ల తీగ బ్రేకుకు వెలుగుతుంది.

చీకటి పడ్డాక బండిని గోడకు వీపు పెట్టినట్లుగా, రెండు మూడు అడుగుల దూరంలో నిలపండి. మా అపార్టుమెంటు సెల్లార్‌లో సున్నం వేసిన గోడ ఈ పనికి చక్కగా సరిపోతుంది. మూసిన దుకాణం షట్టరైనా ఫరవాలేదు. ఇంజన్ అవసరం లేదు, తాళం ఆన్ చేస్తే చాలు. అయితే కొన్ని బండ్లలో ఇంజన్ నడిస్తే తప్ప వెనక లైటు వెలగదు, అటువంటి బండిని బయట గాలి ఆడే చోట పరీక్షించాలి. చేతిని లీవర్ మీద నుంచి పూర్తిగా తీసివేసి, పెడల్‌ను బొటనవేలితో నొక్కినంత మెల్లగా తొక్కండి. బ్రేకు పట్టు తగలడానికి కాస్త ముందే గోడ మీది ఎరుపు పెరగాలి. అలా పదిసార్లు, మెల్లగా కొన్నిసార్లు, గట్టిగా కొన్నిసార్లు తొక్కండి. ఒక్కసారి తప్పినా అది లోపమే. తరువాత కాలు తీసివేయగానే ఎరుపు తగ్గుతున్నదో లేదో చూడండి, ఎందుకంటే ఎప్పుడూ వెలిగే బ్రేకు లైటు అసలు వెలగని లైటు వంటిదే; వెనక వచ్చేవారికి మీరు ఆగుతున్నారన్న కబురు రెండింటిలోనూ అందదు. ఇదంతా అయ్యాక కాలు తీసి, చేతి లీవర్‌ను విడిగా పరీక్షించండి. చివరిగా, స్విచ్ ఉన్న చోట ఒక చెంబు నీళ్లు మెల్లగా పోసి, పెడల్‌ను మళ్లీ తొక్కి చూడండి. వానలో మాత్రమే బయటపడే లోపానికి ఇంతకంటే తేలికైన పరీక్ష నాకు తెలియదు. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి: ఈ పరీక్షలన్నీ నెగ్గినా, మీ బండి రీకాల్ జాబితాలో ఉంటే భాగం మార్పించుకోవలసిందే, ఎందుకంటే చిలుము రేపు పట్టవచ్చు.

జాబితాలో ఉన్నదీ లేనిదీ తేల్చేది మోడల్ పేరు కాదు, ఛాసిస్ నంబరు. ఒకే రోజు ఒకే షోరూంలో కొన్న ఇద్దరి బండ్లలో ఒకటి రీకాల్‌లో ఉండి మరొకటి లేకపోవచ్చు, ఎందుకంటే లెక్కకు వచ్చేది కొన్న తేదీ కాదు, తయారైన తేదీ. ఈ నంబరు 17 అక్షరాలూ అంకెలూ కలిసినది; ఆర్‌సీ మీద ఉంటుంది, ఎంపరివాహన్‌లోనో డిజీలాకర్‌లోనో ఉన్న ఆర్‌సీలో చూసుకోవచ్చు, బండి మీద అయితే సాధారణంగా హ్యాండిల్ కింద, ఛాసిస్ మెడ భాగంలో చెక్కి ఉంటుంది. అందులో ఇంగ్లీషు అక్షరాలైన ఐ, ఓ, క్యూ ఉండవు. కాబట్టి గుండ్రంగా కనబడేది సున్నా, నిలువుగీతలా ఉన్నది ఒకటి అని నిశ్చయంగా రాసుకోవచ్చు. ఆ నంబరును కంపెనీ వెబ్‌సైట్‌లోని రీకాల్ విభాగంలో నమోదు చేయాలి, లేదా కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడగాలి.

బండిని సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారు ఈ పనిని తామే పూనుకొని చేయాలి. కంపెనీ పంపే కబురు దాని పుస్తకాలలో ఉన్న ఫోన్ నంబరుకు వెళుతుంది, ఆ నంబరు చాలాసార్లు మొదటి యజమానిదే అయి ఉంటుంది. ఆర్‌సీ మీ పేరుకు మారినంత మాత్రాన కంపెనీ దగ్గర మీ ఫోన్ నంబరు మారదు. సర్వీస్ సెంటర్‌కు వెళ్లినప్పుడు రెండు నిమిషాలు వెచ్చించి మీ పేరు, నంబరు మార్పించుకోండి.

రీకాల్ పనికి డబ్బు తీసుకోకూడదు. హోండా ఆ ప్రకటనలో వారంటీ ఉన్నా లేకపోయినా భాగం ఉచితంగా మారుస్తామని చెప్పింది. బండిని ఎక్కడ కొన్నారన్న దానితో నిమిత్తం లేదు, హైదరాబాదులో కొన్న బండికి విజయవాడలోనో బెంగళూరులోనో పని చేయించుకోవచ్చు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. హోండా ఈ 350 సీసీ బండ్లను బిగ్‌వింగ్ అనే ప్రత్యేక షోరూంల ద్వారా అమ్ముతుంది, రీకాల్ పని కూడా వాటికే అప్పగించింది. మీ ఊరిలోని మామూలు హోండా సర్వీసింగ్‌కు వెళ్లి నిరాశపడడం కంటే, ముందే ఫోన్ చేసి, భాగం స్టాకులో ఉన్నదో లేదో అడిగి, రోజు ఖాయం చేసుకొని వెళ్లడం మేలు.

సర్వీస్ సెంటర్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది జాబ్ కార్డు, అంటే బండికి చేయవలసిన పనులు రాసే కాగితం. దాని మీద ‘జనరల్ చెకప్’ అని కాక, ‘వెనక స్టాప్ లైట్ స్విచ్, రీకాల్ కింద మార్పిడి’ అని స్పష్టంగా రాయించండి. ఒకసారి నా పాత బండిని ఒక చోట ఇచ్చి, వెనక బ్రేకుకు లైటు వెలగడం లేదని చెప్పాను. సాయంత్రం వెళితే కుర్రవాడు చేతి లీవర్ నొక్కి చూపించి ‘వెలుగుతోంది కదా సార్’ అన్నాడు. నేను వంగి పెడల్‌ను చేత్తో నొక్కాను. వెలగలేదు. స్విచ్ మీది బురద కూడా చెక్కుచెదరలేదు. అప్పటినుంచి బండి తీసుకునే ముందు నేనే మోకాలి మీద కూర్చొని చూసుకుంటున్నాను. మీరూ కొత్త స్విచ్‌ను కళ్లతో చూడండి. చుట్టూ మట్టి పట్టిన ఛాసిస్ మీద కొత్త రబ్బరు నల్లగా, శుభ్రంగా కనబడుతుంది. పెడల్ పరీక్షను వారి ఎదుటే చేయండి, రీకాల్ పని పూర్తయినట్లు బండి సర్వీస్ చరిత్రలో ఎక్కించమని చెప్పి, సున్నా మొత్తంతో ఉన్న బిల్లును తీసుకొని దాచుకోండి. బండి అమ్మే రోజున ఆ కాగితానికి విలువ ఉంటుంది.

రీకాల్ ఉన్న భాగాన్ని వీధి మెకానిక్ చేత బాగుచేయించవద్దు. ఆయన పనితనం తక్కువని కాదు. స్విచ్‌ను తప్పించి తీగలను నేరుగా కలిపితే లైటు ఎప్పుడూ వెలిగిపోతుంది, చిలుము గీకి గ్రీజు పెడితే ఆ వానాకాలం వరకే నిలుస్తుంది, తరువాత కంపెనీ భాగంలో బయటివారు వేలు పెట్టారన్న వాదనకు మీరే అవకాశం ఇచ్చినవారవుతారు. రీకాల్ లేని బండిలో లైటు ఆలస్యంగా వెలగడం మాత్రం వేరే సంగతి. అది తరచుగా స్విచ్ ఎత్తును సరిచేస్తే పోతుంది; అప్పుడు స్విచ్ ఒంటిని కదలకుండా పట్టుకొని దాని నట్టును మాత్రమే తిప్పాలి, ఒంటిని తిప్పితే లోపలి తీగలు మెలికపడి తెగుతాయి.

భాగం రావడానికి రోజులు పట్టవచ్చు. ఆ లోపల బండి తీయక తప్పకపోతే, చేతి స్విచ్ బాగున్నదని నిర్ధారించుకొని, ఆగవలసిన ప్రతిసారీ ముందుగా చేతి లీవర్‌ను లైటు వెలిగేంత మాత్రం తాకి, తరువాత రెండు బ్రేకులూ కలిపి వాడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. మీరు ముందుగా ఇచ్చే సైగ వెనకవారికి ఇచ్చేది ఆ దూరాన్నే. రెండు స్విచ్‌లూ పనిచేయకపోతే బండి తీయకండి.

సర్వీస్ సెంటర్ పని చేయనన్నా, డబ్బు అడిగినా, మొదట కంపెనీ కస్టమర్ కేర్‌కు రాతపూర్వకంగా తెలిపి ఫిర్యాదు నంబరు తీసుకోండి. దానికి ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. ఇక కంపెనీ రీకాలే ప్రకటించని లోపం మీ బండిలో, మీకు తెలిసిన మరికొన్ని బండ్లలో ఒకే తీరుగా కనబడితే, దానికీ దారి ఉంది. 2012 నుంచి ఈ దేశంలో రీకాల్ కంపెనీల స్వచ్ఛంద నియమావళి మీదనే నడిచింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ 110ఏ సెక్షన్‌ను చేర్చి, రీకాల్ చేయమని ఆదేశించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం 7 సంవత్సరాల లోపు వాహనాలకు ఇది వర్తిస్తుంది, కేంద్రం ఆదేశించిన రీకాల్‌లో కంపెనీకి 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఈ ఫిర్యాదులకు కేంద్ర రవాణా శాఖ వెబ్‌సైట్ అయిన వాహన్ పోర్టల్‌లో విడిగా ఒక విభాగం ఉంది. ఫిర్యాదుల సంఖ్య ఆ మోడల్ అమ్మకాలలో నిర్ణీత శాతాన్ని చేరితేనే విచారణ కదులుతుంది కాబట్టి, ఒక్కరే పది ఉత్తరాలు రాయడం కంటే పదిమంది తలా ఒకటి నమోదు చేయడం ఉపయోగం. ఫిర్యాదుతోపాటు ఛాసిస్ నంబరు, జాబ్ కార్డు నకలు, గోడ ఎదుట పెడల్ తొక్కుతూ తీసిన అర నిమిషం వీడియో సిద్ధంగా ఉంచుకోండి.