పిల్లల్లేనివాళ్ళకి మీ ఎగ్స్ (అండాలు) ఇవ్వడానికి వెళ్తున్నారా? ముందు ఆధార్ సంగతి చూసుకోండి

2025 ఆగస్టులో హైదరాబాద్ పేట్‌బషీరాబాద్‌లో పోలీసులు రైడ్ చేస్తే హార్మోన్ ఇంజెక్షన్లు, ప్రామిసరీ నోట్లు, బాండ్ పేపర్లు దొరికాయి, ఎగ్స్‌కీ సరోగసీకీ ఆడవాళ్ళని కుదిరిస్తున్నారని కేసు. 2022లో తమిళనాడు ఈరోడ్‌లో అయితే 16 ఏళ్ళ పిల్లకి ఆధార్‌లో వయసు మార్చేసి మరీ ఎగ్స్ తీయించారు. మనం చదివి అయ్యో అనుకుని వదిలేశాం. స్కూల్ ఫీజుల టైమ్ దగ్గరపడితే మాత్రం ఏజెంట్ అక్కల ఫోన్లు ఆగవు.

మంచి తిండి తినండి, రెస్ట్ తీసుకోండి లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. వేరేవాళ్ళ ఆధార్ మీద మాత్రం వెళ్ళకండి.

ఎందుకు వెళ్తారంటే, 2021 ఏఆర్‌టీ చట్టం (ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సల చట్టం) ప్రకారం డోనర్ వయసు 23 నుంచి 35 మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, 7 ఎగ్స్ కంటే ఎక్కువ తీయకూడదు. 21 ఏళ్ళ అమ్మాయికో, ఆల్రెడీ ఒకసారి ఇచ్చినావిడకో "ఏం కాదులే, ఇంకో కార్డు ఉంది" అంటారు. ఒక ఫెర్టిలిటీ సెంటర్‌లో చూశాను, కౌంటర్ నుంచి పేరు పిలుస్తూనే ఉన్నారు, ఎదురు కుర్చీలో కూర్చున్న అమ్మాయి ఫోన్ చూసుకుంటూ కదల్లేదు, పక్కనున్నావిడ మోచేత్తో పొడిస్తే అప్పుడు గుర్తొచ్చింది ఆ పేరు తనదేనని.

ఇప్పుడు ఆలోచించండి. డోనర్‌కి 12 నెలల ఇన్సూరెన్స్ పిల్లలు కావాలనుకునే దంపతులే కట్టాలి, అది చట్టం. కానీ ఆ పాలసీ ఎవరి పేరు మీద ఉంటుంది? కార్డు మీదున్న పేరు మీద. కన్సెంట్ ఫారం, కేస్ షీట్ అన్నీ ఆ పేరే. ఎగ్స్ తీశాక కడుపు ఉబ్బి ఊపిరాడక క్యాజువాలిటీకి పరిగెడితే ఆ ఫైల్లో మీరు లేరు, మీకసలు ఏమీ చెయ్యలేదని సెంటర్‌వాళ్ళు తేలిగ్గా అనేస్తారు. పైగా దొంగ కార్డు వాడారని మీ మీదే కేసు. అందుకే మళ్ళీ చెప్తున్నా, సొంత ఆధార్ కుదరదంటే ఆ పని మీకు కుదరదు, అంతే.

మీ వైపు బాధ్యత కూడా ఉంది. వయసు, జబ్బులు, ఇదివరకు ఇచ్చారా లేదా, నిజం చెప్పాలి. పుట్టిన బిడ్డ మీద మీకు ఏ హక్కూ ఉండదు, చట్టం ముందే తేల్చేసింది, తర్వాత మనసు మారినా లాభం లేదు.

ఇక మిగతావి.

సెంటర్‌కి, డోనర్లని చూసిపెట్టే ఏఆర్‌టీ బ్యాంక్‌కి రిజిస్ట్రేషన్ ఉందా అడగండి, నంబర్ రాసుకోండి.

ఏజెంట్ ద్వారా వెళ్ళకండి. డోనర్లని మధ్యవర్తులతో తెప్పించుకోవడం ఆ చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే 5 నుంచి 10 లక్షల జరిమానా.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ప్రామిసరీ నోటు అసలే వద్దు.

పెట్టిన ప్రతి సంతకానికీ జిరాక్స్ తీసుకోండి, మేం ఇవ్వం అంటే అక్కడే ఫోన్లో ఫోటో తీసుకోండి, తియ్యనివ్వకపోతే లేచి వచ్చేయండి.

ఇన్సూరెన్స్ కాగితం చూడకుండా మొదటి ఇంజెక్షన్ వేయించుకోకండి. పేరు మీదేనా, స్పెల్లింగ్‌తో సహా చూడండి.

మత్తు ఇచ్చేముందు వరకూ వద్దనొచ్చు. ఇంజెక్షన్ల ఖర్చు కక్కమని బెదిరించినా సరే.

ఒంటరిగా వెళ్ళొద్దు.

ఎన్ని ఎగ్స్ తీశారో రాసిచ్చిన డిశ్చార్జ్ కాగితం లేకుండా బయటికి రావద్దు.

తర్వాత కడుపు ఉబ్బరం పెరుగుతూ బరువు గబగబా పెరిగినా, వాంతులైనా, మూత్రం తగ్గినా, ఆయాసమొచ్చినా ఏజెంట్‌కి ఫోన్ చేస్తూ కూర్చోకండి, ఆస్పత్రికి వెళ్ళండి.

ఇప్పటికే వేరే పేరు మీద ఇచ్చేసి ఒంట్లో బాగోకపోతే, డాక్టర్ దగ్గర సొంత పేరు చెప్పి ఏ ఇంజెక్షన్లు వేశారో దాచకుండా చెప్పండి. కేసు భయముంటే ప్రభుత్వ న్యాయసహాయం నంబర్ 15100కి ఫోన్ చేయండి, ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఫ్రీగా ఇస్తారు.