పెట్టుడు కాలుతో కూర్చోవడం, లేవడం ఎలా?

మోకాలి పైన కాలు తీసేసినవాళ్లకి నాలుగడుగులు నడవడం కన్నా కుర్చీలోంచి లేవడానికే ఎక్కువ టెన్షన్. పెట్టుడు కాలి మోకాలు మడతపడుతుంది, చాచుకుంటుంది, అంతే. మోటారున్న ఖరీదైన రకాలు తప్ప అది మనిషిని పైకి లేపదు. ఆ పని మంచి కాలు, రెండు చేతులు చేయాల్సిందే. కింద చెప్పినవి మొదట్లో ఫిజియోథెరపిస్ట్‌ని పక్కన పెట్టుకునే సాధన చేయండి.

ముందు కుర్చీ చూసుకోండి. చేతులున్నది, సీటు గట్టిగా ఉన్నది కావాలి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద వెనక్కి జారుతుంది, గోడకి ఆనించి వేయండి. ఒళ్లు కూరుకుపోయే సోఫా కొత్తలో వద్దు.

లేచేటప్పుడు:

1. సీటు అంచుకి జరగండి. మంచి కాలి పాదాన్ని వెనక్కి లాక్కుని, మడమతో సహా నేలకి ఆనించండి. పెట్టుడు కాలు కాస్త ముందుంటుంది.

2. కుర్చీ చేతులు పట్టుకుని, తల మంచి కాలి పాదం మీదకి వచ్చేదాకా ముందుకి వంగండి. భయపడి చాలామంది ఇక్కడే వెనక్కి వాలతారు. వాలారంటే మళ్లీ సీట్లో కూలబడటమే.

3. చేతులతో కిందకి నొక్కుతూ మంచి కాలి మీద లేవండి.

4. నిటారుగా అయ్యాక, మొండి తొడని సాకెట్ (తొడ దిగే గిన్నెలాంటి భాగం) లోపల వెనక్కి నెట్టండి. మోకాలు చాచుకుంటుంది. మోకాలు మడతపడకుండా తాళం ఉన్న రకమైతే ‘టక్’మని వినపడుతుంది. ఆ తర్వాతే ఆ కాలి మీద కొంచెం కొంచెంగా బరువు వేయండి. లేచీ లేవగానే అడుగు వేయొద్దు.

కూర్చోవడం తేలికే అనుకుంటారు గానీ, పడిపోయే భయం దానిలోనూ ఉంది. వెనక్కి తిరిగి, మంచి కాలి పిక్క కుర్చీకి తగిలేదాకా జరగండి. తగలకుండా కూర్చోబోవద్దు, కుర్చీ ఉందనుకున్న చోట ఉండదు. తాళం ఉంటే, బరువంతా మంచి కాలి మీదకి తెచ్చుకుని, ఒక చెయ్యి కుర్చీ మీద వేసి, రెండో చేత్తో తీయండి. నడుం దగ్గర వంగుతూ, రెండు చేతులూ కుర్చీ మీద పెట్టి, మెల్లగా దిగండి. హైడ్రాలిక్ మోకాలైతే బరువుకి మెల్లగా మడతపడి కొంత ఆసరా ఇస్తుంది. మామూలు మోకాలు మాత్రం చటుక్కున ముడుచుకుంటుంది.

ఇక మన ఇళ్లలో అసలు పరీక్ష నేల మీద. శిల్పి రామచంద్ర శర్మ, ఎముకల డాక్టర్ పి.కె. సేథీ 1960ల చివర్లో జైపూర్ ఫుట్ అనే పెట్టుడు పాదం తయారుచేసింది బాసింపట్టు వేసేవాళ్లని, గొంతుకూర్చునేవాళ్లని దృష్టిలో పెట్టుకునే. దాని రబ్బరు పాదం చీలమండ దగ్గర వంగుతుంది. మోకాలి కింద తీసినవాళ్లకి ఇది పెద్ద వరం. పైన తీసినవాళ్లకి పాదం ఒక్కటీ చాలదు. పెట్టుడు మోకాలికి పైన, కింది కాలు పక్కకి తిరిగేలా చేసే భాగం వేయించుకుంటే తప్ప బాసింపట్టు కుదరదు, పెట్టుడు కాలు చాచుకునే కూర్చోవాలి.

కిందకి దిగడానికి మంచం పక్కన నిలబడండి. పెట్టుడు కాలిని అర అడుగు వెనక ఉంచి, ఒక చేత్తో మంచం పట్టుకుని, మంచి మోకాలు వంచుతూ రెండో చెయ్యి నేలకి ఆనించండి. మంచి కాలి వైపుకి తిరిగి, ఆ పిరుదు మీద కూర్చోండి. లేవాలంటే ముందు బోర్లా తిరిగి చేతులు, మోకాళ్ల మీదకి రండి. మంచి పాదాన్ని పొట్ట కిందకి తెచ్చుకుని, మంచం మీద చేతులు నొక్కి లేవండి. పెట్టుడు కాలు వెనకే వస్తుంది.

మోకాలి కింద తీసినవాళ్లకి సొంత మోకాలుంది కాబట్టి ఇంత తంతు అక్కర్లేదు. రెండు పాదాల మీదా బరువు పంచి లేవడం అలవాటు చేసుకుంటే చాలు. మోకాలు బాగా మడిచినప్పుడు సాకెట్ వెనక అంచు గుచ్చుకుంటుంటే ఓర్చుకోవద్దు, కాలు చేసినవాళ్ల చేత సరిచేయించుకోండి.

ఇంట్లోవాళ్లు చంకలో చెయ్యేసి లాగొద్దు, లేచేవాళ్ల లెక్క తప్పుతుంది. పెట్టుడు కాలి వైపు ఒకడుగు వెనగ్గా నిలబడి, నడుంకి కట్టిన బెల్టు పట్టుకోండి. బాత్రూంలో కమోడ్ పక్కన గోడకి గట్టి కడ్డీ బిగించండి. టవల్ వేసుకునే రాడ్ మనిషి బరువు ఆపదు.