కొత్త బోర్డులో 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ షార్ట్ వస్తోందా? జోన్ ఫిల్ చూడండి

మీరు డిజైన్ చేసి తయారీకి పంపిన సర్క్యూట్ బోర్డులు (పీసీబీలు) వచ్చాయి, ఇంకా ఒక్క పార్ట్ కూడా సోల్డర్ చేయలేదు, మల్టీమీటర్ పెడితే 5 వోల్టుల లైనుకీ గ్రౌండ్‌కీ మధ్య బీప్. "చవకగా చేసిచ్చారు కదా, ఎచింగ్ సరిగ్గా చేసుండరు" అని, అంటే అక్కర్లేని కాపర్‌ని సరిగ్గా కరిగించి తీయలేదని, వెంటనే తయారీవాళ్ల మీద పడతారు. తెప్పించిన అన్ని బోర్డుల్లోనూ అదే షార్ట్ ఉంటే ఎచింగ్‌ని వదిలేయండి, తప్పు మీ గెర్బర్‌లోనే, అంటే ఫ్యాక్టరీకి పంపిన లేయర్ల డ్రాయింగ్ ఫైళ్లలోనే, ఉండే అవకాశం చాలా ఎక్కువ. పంపిన జిప్‌నే విప్పి గెర్బర్ వ్యూయర్‌లో చూశారా? ఎడిటర్‌లో కనిపించే త్రీడీ బొమ్మ కాదు నేనడిగేది.

నన్ను ఎక్కువగా ఏడిపించిన కారణం పాత ఫిల్. కీక్యాడ్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో బి నొక్కితే గ్రౌండ్ జోన్‌లో, అంటే గ్రౌండ్ కాపర్ కోసం మీరు గీసిన ప్రాంతంలో, కాపర్ ఎక్కడెక్కడ పరుచుకోవాలో లెక్కేసి, ఆ ఆకారాన్ని బోర్డు ఫైల్లో దాస్తుంది. ఆ తర్వాత మీరు వయా (లేయర్లని కలిపే కాపర్ పూత రంధ్రం) జరిపినా, ట్రాక్ లాగినా, మళ్లీ ఫిల్ చేసేదాకా పాత ఆకారమే ఉండిపోవచ్చు, అలాగే ప్లాట్ చేస్తే (గెర్బర్ ఫైళ్లు తీస్తే) గెర్బర్‌లోకి వెళ్లేదీ అదే. 5 వోల్టుల వయా చుట్టూ గ్యాప్ లేకుండా గ్రౌండ్ కాపర్ వచ్చి కూర్చుంటుంది. గ్రౌండ్ ప్యాడ్‌ని జరిపితే ఒక్కోసారి కథ తిరగబడుతుంది, షార్ట్ ఉండదు గానీ ప్యాడ్‌కి గ్రౌండే తగలదు.

డీఆర్‌సీ (డిజైన్ రూల్ చెక్) పాసైందిగా అంటారు. అయింది, కానీ ఆ తర్వాత సిల్క్ అక్షరాలు (బోర్డు మీద ప్రింటయ్యే రాతలు) సర్దుతూ "ఈ ఒక్క వయా కాస్త పక్కకి" అని జరిపింది ఎవరు?

ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ టెస్ట్ చేసినా ఇది దొరక్కపోవడం మామూలే. మీరు వేరే నెట్‌లిస్ట్ (ఏది దేనికి కలవాలో చెప్పే జాబితా) ఇవ్వకపోతే వాళ్లు మీ గెర్బర్ నుంచే తీసుకుంటారు, అందులో 5 వోల్టులూ గ్రౌండూ అంటుకుని ఉంటే వాళ్ల లెక్కలో అది ఒకటే నెట్ (కనెక్షన్), బోర్డు పాస్.

కాబట్టి ముందు బి నొక్కండి. డీఆర్‌సీలో జోన్లు మళ్లీ ఫిల్ చేసే టిక్ పెట్టి నడపండి, అన్‌కనెక్టెడ్ (ఇంకా కలవని కనెక్షన్లు) సున్నా అయ్యేదాకా కదలొద్దు. పాత గెర్బర్ ఫోల్డర్ మొత్తం తీసేసి, ప్లాట్ విండోలో జోన్ ఫిల్స్ చెక్ చేసే టిక్ పెట్టి కొత్తగా తీయండి. డ్రిల్ ఫైళ్లకి బటన్ వేరే ఉంది, అదీ నొక్కండి, లేదంటే కాపర్ కొత్త చోట, రంధ్రం పాత చోట పడుతుంది. ఇప్పటికే చేతికొచ్చిన రెండు లేయర్ల బోర్డయితే, షార్టైన వయా చుట్టూ గ్రౌండ్ కాపర్‌ని రెండు వైపులా సన్నని బ్లేడుతో కోసి వాడుకోవచ్చు.

ఇక వేరే సమస్యలు. రంధ్రాలన్నీ ఒకే దిశలో ఒకే దూరం జరిగాయా? గెర్బర్‌కీ డ్రిల్‌కీ ఆరిజిన్ (కొలతలు మొదలయ్యే సున్నా బిందువు) వేర్వేరుగా పెట్టారు. ఆర్డర్ అవుట్‌లైన్ దగ్గర ఆగిందంటే ఎడ్జ్ కట్స్‌లో (బోర్డు అంచు గీసే లేయర్) గీత ఎక్కడో కలవలేదు. సిల్క్ అక్షరాలు అలుక్కుపోతే ఎత్తు 1 మిల్లీమీటరు, గీత మందం 0.15కి తగ్గకుండా పెట్టండి. నిజంగా ఎచింగ్ లోపమైతే మామూలుగా ఏదో ఒక బోర్డులోనే కనిపిస్తుంది, దాన్ని పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి.